డ్రైవరు నీళ్లు తాగని దారి

ఆయన రెండు చేతులూ ఒకే మనిషివేనా అనిపించేది. కుడిచెయ్యి మోచేతి దాకా మాడిన పెనం రంగు. ఎడమచెయ్యి మామూలు చామనఛాయ. కిటికీ పక్కన కూర్చుని బతికే మనిషికి ఎండ ఒకవైపే తగులుతుంది. కాళ్ల సంగతి దీనికి తలకిందులు. పాత ఎర్రబస్సుల్లో ఇంజను డ్రైవరుకు ఎడమపక్కన ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి ఆ సెగకు ఎడమకాలి పిక్క నున్నగా కమిలిపోయింది. దాని మీద వెంట్రుక కూడా మొలిచేది కాదు. ఎడమచెవిలో ఎప్పుడూ ఇంజను మోగుతూనే ఉంటుందని చెప్పేవాడు, బండిని షెడ్డులో పెట్టి ఇంటికి పోయి పడుకున్నాక కూడా. ఆ పక్క నుంచి పలకరిస్తే తల మొత్తం తిప్పి మన నోటి వైపు చూసేవాడు.

ఇవన్నీ నేను గమనించడానికి కారణం నేను కూర్చునే చోటు. తొంభైల చివర్లో మా చిన్న ఊరి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. ఫోనులో చెప్పగలిగినవి చెప్పి, మిగతావి ఫొటో రీళ్లతో సహా కవరులో పెట్టి పొద్దున బస్సు డ్రైవరు చేతికిస్తే, కదిరి బస్టాండులో మా ఆఫీసు మనిషి తీసుకునేవాడు. ఆ రోజుల్లో మా పల్లెల వార్తలన్నీ అలా డ్రైవరు తలపైన ఉండే అరలో ప్రయాణం చేసినవే. వారంలో కొన్ని రోజులు కవరుతో పాటు నేనూ బస్సెక్కేవాణ్ని. ఇంజను మూత వెనక అడ్డంగా ఉండే సీటు నాది. వేడికి ఎవరూ అక్కడ కూర్చోరు కాబట్టి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

బస్సు బోల్తా పడితే వార్త రాసేవాళ్లం. డ్రైవరు పేరు, వయసు, ఎవరి తప్పు, ఎంతమందికి గాయాలు, అన్నీ రాసేవాళ్లం. పడకుండా ఇంటికి చేరిన బస్సుల లోపల డ్రైవర్లు ఏమవుతున్నారనేది వార్త కాదు. ఆయన నడుముకు పట్టీ కట్టుకుని కూర్చునేవాడు. సీటు కింద ఇంకో మెత్త వేసుకునేవాడు, మొలల బాధకు. సాయంత్రం బండి దిగి నాలుగడుగులు వేసేదాకా ఆయన మోకాలు నిటారుగా నిలబడేది కాదు. వీటి గురించి అడిగితే నవ్వేవాడు.

"బండికైతే స్పేరు పార్టులు ఉండాయి పేపరన్నా. మనకు యాడ తెచ్చేది?"

నన్ను పేపరన్నా అనే పిలిచేవాడు. నాకంటే పెద్దవాడు, అయినా అన్నా అనే.

ఆయన గురించి ఆ దారిలో అందరికీ తెలిసిన సంగతి మాత్రం వీటిలో ఏదీ కాదు. ఆయన డ్యూటీలో నీళ్లు తాగడు. పొద్దున డిపోలో సగం గ్లాసు టీ. ఆ తర్వాత మధ్యాహ్నం ఎండ వాలేదాకా గొంతులో చుక్క పడదు. దవడలో ఒక వక్క పలుకు పెట్టుకుని, దాంతో నోరు తడుపుకుంటూ నడిపేవాడు. చిత్తూరు లారీల మీద పని నేర్చుకునేటప్పుడు ఆయన గురువు చెప్పిన మొదటి పాఠం అదేనట: స్టీరింగు పట్టినోడు చెంబు పట్టగూడదు.

ఇందులో మర్మమేమీ లేదు. నీళ్లు తాగితే ఒంటికి పోవాలి. లారీవాడైతే ఎక్కడైనా బండి ఆపగలడు. బస్సువాడి వెనక బస్సు నిండా కళ్లుంటాయి. ఊళ్లలో ఆగితే జనం చుట్టుముడతారు, ఊరి బయట ఆగితే దాక్కోవడానికి చెట్టయినా ఉండదు. పైగా చేరాల్సిన టైము తరుముతూ ఉంటుంది. మా దారి మధ్యలో పెద్ద మిట్ట ఒకటి ఉండేది. ఎర్రనేల, తెల్లరాళ్లు, వాన పడితే శెనక్కాయ పైరు, పడకపోతే అదీ లేదు. మోకాలెత్తు కంప కూడా లేని ఆ బయలులో కుందేలు పరిగెత్తినా కదిరికి కనబడుతుందని అనుకునేవాళ్లం. అయినా ముందు రోజుల్లో మగ కండక్టరు ఉన్నప్పుడు ఎప్పుడైనా బస్సు వెనక్కి పోయి వచ్చేవాడట. కొత్తగా ఆడవాళ్లను కండక్టర్లుగా తీసుకోవడం మొదలుపెట్టాక ఈ బస్సుకు ఒక అమ్మాయి వచ్చింది. ఆ రోజు నుంచి అదీ మానేశాడు.

ఆ అమ్మాయి సన్నగా, గట్టి గొంతుతో, చకచకా టికెట్లు కొట్టేది. బస్సులో ఎవరైనా పిచ్చిగా మాట్లాడితే, "ఈడనే దించుతా, నడిచి పోతావా?" అనేది. దించేది కూడా. డ్రైవరును అన్నా అనేది. ఆయన ఆమెను పాపా అనేవాడు.

అవి వరుసగా వానలు తప్పిన ఏళ్లు. మిట్టకు అవతల కొసనున్న మిట్టపల్లెలో బోర్లన్నీ ఎండిపోయాయి. ఇవతల, మిట్ట మొదట్లో రోడ్డు పక్కన ఒక రైతు బోరు మాత్రం కరెంటు ఉన్నంతసేపు పోసేది. అవతల పల్లె ఆడవాళ్లు తెల్లవారుజామున ఖాళీ బిందెలతో నడిచి వచ్చి, నింపుకుని, మా బస్సులో ఇంటికి పోయేవాళ్లు. ఖాళీగా నడక, నిండుగా బస్సు. బిందెలు ఇంజను మూత మీద, నా కాళ్ల దగ్గర, మెట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు, మూతికి గుడ్డలు.

వాళ్లకు పెద్ద ఒక అవ్వ. నోట్లో పళ్లు లేవు, మాటకు మాత్రం పళ్లున్నాయి.

"ఏమవ్వా, ఇది బస్సా, ట్యాంకరా?" అనేది కండక్టరమ్మాయి.

"ట్యాంకరైతే వారానికొకసారి వచ్చేది. నువ్వు దినామూ వస్తాండావు. అందుకే నిన్ను నమ్ముకుండాము."

"బిందెలకు లగేజీ కొట్టాల్సి వస్తాది చూడు."

"కొట్టు తల్లీ, కొట్టు. నీళ్లకు టికెట్టు కొట్టిన మొదటిదానివని నీ ఫోటో పేపర్లో వేస్తాడు ఈ పేపరాయన."

లగేజీ కొట్టేది కాదు. దానికి బదులు ఒక పద్ధతి ఉండేది. మిట్ట ఎక్కేసరికి ఆ పాత ఇంజను కాగిపోయి, ముందు నుంచి పొగలు వచ్చేవి. మిట్ట నెత్తిన డ్రైవరు రోజూ బస్సు ఆపేవాడు. ఆడవాళ్లు తలా ఒక చెంబెడు తమ బిందెల్లో నుంచి వంచేవాళ్లు. ఆ నీళ్లు రేడియేటరులో పోసి, మూత బిగించి, మళ్లీ బయలుదేరేవాడు. దాన్ని బండి వాటా అనేవాళ్లు. బస్సు నీళ్లు మోస్తుంది, నీళ్లు బస్సుకు తమ కూలి ఇస్తాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ నేను చూసినంతకాలం ఎవరూ ఎగ్గొట్టలేదు. బండి తాగేంతసేపు బస్సులో ఎవరూ విసుక్కునేవాళ్లు కూడా కాదు.

బిందెల మధ్య, తడి అంచులు మోకాలికి తగులుతూ ఉండగా, ఆయన వక్క నములుతూ కూర్చునేవాడు. కొత్తగా ఎక్కిన వాళ్లెవరైనా, "రొంత తాగు అన్నా, మొగమంతా వాడిపోయింది" అంటే అవ్వ కసిరేది.

"గమ్మునుండు మే. ఆయప్ప ముట్టడు. మొక్కుండాది."

ఈ మొక్కు కథ ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. నేను ఆ బస్సెక్కేనాటికే అది పాతబడిపోయి ఉంది. వానలు పడి చెరువు నిండేదాకా పగలు నీళ్లు ముట్టనని డ్రైవరు కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడని ఆ పల్లెలన్నీ నమ్మేవి. బస్సు ముందు అద్దం కింద స్వామి పటం ఎలాగూ ఉంది. మనిషి నీళ్లు తాగకపోవడం ఎలాగూ కనబడుతోంది. కరువులో ఉన్న జనం ఈ రెంటినీ కలుపుకున్నారు. మిట్టపల్లె వాళ్లు ఆయనకు దండం పెట్టి ఎక్కేవాళ్లు. ఆయన కాదనలేదు. ఒకసారి నేనడిగితే, "వాళ్లట్ల అనుకుంటే పోయిందేముండాది పేపరన్నా? ఎవురూ బలవంతం చెయ్యకుండా ఉండారు కదా" అన్నాడు. నాకూ అది ముచ్చటగానే అనిపించింది.

ఒక వేసవి పొద్దున, మిట్ట మీద, బండి వాటా పోయడానికి దిగాడు. నేను లోపలే కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను. రేడియేటరు మూత తీశాడు. చెంబు ఎత్తాడు. ఎత్తిన చెంబు చేతిలో నుంచి జారింది. ఆయన బంపరు పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయాడు.

"రేడేటరు పేలినట్లుండాది!" అన్నారెవరో వెనక.

అందరికంటే ముందు అవ్వ దిగింది. "బండిది కాదప్పా, మనిషిది!" అని అరిచింది.

ఆయన ముందు చక్రానికి ఆనుకుని కూర్చుని, ఎడమ డొక్కను రెండు చేతులతో అదుముకుంటున్నాడు. ముఖం మీద చెమట ధారలు కడుతోంది. వాంతి అయింది, కడుపులో ఏమీ లేని వాంతి. కండక్టరమ్మాయి సంచీ మెడలో వేలాడుతుండగానే పక్కన కూర్చుంది.

"ఏమైందన్నా? గుండె నొప్పా?"

"కాదు పాపా. నడుము. పోతాదిలే."

"నీళ్లు తాగుతావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. చుట్టూ బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ చెంబు ముందుకు చాపలేదు. మొక్కున్న మనిషికి, అంత బాధలో ఉన్నప్పుడు, మొక్కు తప్పించే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? వాళ్ల ముఖాల్లో ఉన్నది కఠినత్వం కాదు, భక్తి. అవ్వ తన కొంగు తడిపి ఆయన నుదురు తుడిచింది, పెదాలకు తడి తగలకుండా జాగ్రత్తగా.

నొప్పి ఎలా వచ్చిందో అలాగే కాసేపటికి సడలింది. ఆయన లేచి బస్సెక్కాడు. "నడపగలవా అన్నా?" అని ఆ అమ్మాయి అడిగితే, "ఈడ ఇంకెవురికి వస్తాది నడపను, నీకొస్తాదా?" అన్నాడు. కదిరి దాకా రెండో గేరులోనే, మేకల మంద పోయినట్టు పోయింది బస్సు.

కదిరిలో ఆయనను నాకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. స్కానింగు తీయించి, ఆ కాగితం పక్కన పెట్టి, డాక్టరు తీరిగ్గా అడగడం మొదలుపెట్టాడు.

"నీళ్లు ఎంత తాగుతావప్పా?"

"రాత్రి తాగుతా సార్, కడుపు నిండా."

"పగలు?"

"పగలు డ్యూటీ కద సార్."

"డ్యూటీకీ నీళ్లకూ ఏం సంబంధం?"

ఆయన నా వైపు చూశాడు, దీన్ని నువ్వే చెప్పు అన్నట్టు. నేను చెప్పాను. డాక్టరు కళ్లద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. రెండు వైపులా రాళ్లున్నాయి. ఎడమ కిడ్నీ చాలాకాలంగా లోలోపల దెబ్బతింటూ వచ్చి దాదాపు అయిపోయింది. అది ఇక తిరిగి రాదు. కుడివైపు ఉన్నవి చిన్నరాళ్లు, నీళ్లు బాగా తాగితే పడిపోతాయి. ఆపుకోవడం మానాలి. ఇలాగే సాగితే కుడిది కూడా ఎడమదాని దారే పడుతుంది.

"ఇంజను పక్కన కూర్చుని, ఈ ఎండలో, ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోతాంటే, పైనుంచి నువ్వు పొయ్యకపోతే ఏమైతాది? నీ బండికైతే పొయ్యవా?"

"పోస్తా సార్. దినామూ పోస్తా" అన్నాడు డ్రైవరు, అమాయకంగా.

బయట మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాం. ఆయన కుడి అరచేతిని కుడి నడుము మీద పెట్టుకుని ఉన్నాడు, లోపల ఉన్నదాన్ని పట్టుకున్నట్టు.

"ఇంగ ఇదొక్కటే అంట" అన్నాడు. "ఇదీ పోతే సీటు దిగాల్సిందే. పనికిరాడని రాసేస్తారు. స్టీరింగు తప్ప నాకేమొచ్చు చెప్పు? శేనికి పోదామంటే నడుము వంగదు, ఆఫీసులో కూర్చుందామంటే చదువు ల్యా."

"నీళ్లు తాగడమే కదన్నా మందు" అన్నాను.

"తాగేదానికేముండాది పేపరన్నా" అని లేచాడు.

కొన్నాళ్లు సెలవు పెట్టి మళ్లీ డ్యూటీకి వచ్చాడు. కండక్టరమ్మాయి ఆయన కోసం ఒక పెద్ద నీళ్ల బాటిలు తెచ్చి, తడిగుడ్డ చుట్టి, కిటికీ పక్కన వేలాడదీసింది. బస్సెక్కిన వాళ్లంతా దాన్నే చూశారు. బీడీ కట్టలు మోసుకుపోయే ఒకాయన నవ్వుతూ అన్నాడు: "ఏమన్నా, మొక్కు తీరిపోయినట్లుండాది? చెరువు నిండిందా మాకు తెలీకుండా?"

డ్రైవరు గేరు మార్చాడు. ఆ పూట బాటిలు మూత తిప్పలేదు. రోజులు గడిచాయి. అది నిండుగా పోయేది, కదిరిలో ఖాళీగా కనబడేది. ఆ అమ్మాయి సంతోషపడింది. నేనూ పడ్డాను. ఆ తర్వాత ఒకరోజు మిట్ట మీద చూశాను. ఆడవాళ్లు వంచిన చెంబులతో పాటు తన బాటిలు కూడా రేడియేటరులో ఒంపేస్తున్నాడు. నేను చూసిన సంగతి ఆయన చూశాడు. చూసి, మూత బిగించడంలో పడిపోయాడు.

ఆ అమ్మాయి కూడా చూసింది. మెట్లు దిగి ఎదురుగా పోయి నిలబడింది.

"యాలన్నా అట్ల పోస్తాండావు?"

"బండి కాగింది పాపా."

"నువ్వు కాగల్యా? డాక్టరేం చెప్పినాడో మర్చిపోయినావా? ఉండేది ఒకటే కదా!"

ఆమె గొంతు మామూలుగానే పెద్దది. బస్సులో ఉన్నవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. అవ్వ చెంబు పట్టుకుని పక్కనే ఉంది.

"మెల్లగా పాపా" అన్నాడు ఆయన.

"మెల్లగా యాల? అందరికీ తెలియనీ. అవ్వా, ఈయప్పకు మొక్కూ ల్యా, ఏమీ ల్యా. నీళ్లు తాగక తాగక ఒక కిడ్నీ ఎండిపోయినాది. రెండోది కూడా ఎండగొట్టుకుంటాండాడు."

అవ్వ డ్రైవరు ముఖంలోకి చూసింది. "నిజమా? వాన కోసరం కాదా నువ్వు తాగంది?"

"కాదవ్వా."

"మరి యాల చెప్పల్యా ఇన్నాళ్లూ?"

"ఏమని చెప్పల్ల? ఒంటికి పోను చోటు ల్యాక తాగలేదని చెప్పల్నా? వెనకాల ఇంతమంది ఆడోళ్లు. ఈ పాప ఉండాది. ఈడ చూస్తే చెట్టు కూడా ల్యా. నేను యాడికి పోవల్ల?"

కిటికీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకొందరికి అంటుకుంది. డ్రైవరు కూడా సిగ్గుగా నవ్వబోయాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"నేను యాడికి పోతాండానని ఎప్పుడన్నా అడిగినావా అన్నా?"

నవ్వులు ఆగిపోయాయి.

"నీకైతే వక్కన్నా ఉండాది. నేను ఈ డ్యూటీకి వచ్చినప్పటి నుంచి తెల్లారి ఒక గుటక తాగి ఎరగను. కడుపులో మంట, ఒంటికి పోతే మంట. ఎవురికి చెప్పుకోవల్ల? నువ్వేమో నేనుండానని పోవు. నేనేమో నువ్వుండావని పోను. బాగుండాదన్నా మన ఇద్దరి మర్యాద!"

ఆయన తల వంచుకున్నాడు. అవ్వ చెంబును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"దానికేమమ్మా, మేమూ అంతే కదా" అంది, పెద్ద విశేషమేమీ కానట్టు. "బస్సెక్కల్లంటే రాత్రి నుంచే నీళ్లు మానేస్తాము. నా పెళ్లైనప్పటి నుంచి ఇంతే. అదొక రోగమైతాదని ఎవురూ చెప్పల్యా మాకు."

వెనక నిలబడిన ఆడవాళ్లు అవునన్నట్టు కొంగులు సర్దుకున్నారు. అప్పుడు ఆ బస్సును చూస్తే నాకు వింతగా తోచింది. బిందెల నిండా నీళ్లు, ఆ బిందెల మధ్య ఒక్కరి గొంతులోనూ తడి లేదు. మా దారిలో నీళ్లు తాగనివాడు ఒక్కడే అని ఇన్నాళ్లూ అనుకున్నాం. తాగిన వాళ్లం మగ ప్రయాణికులం మాత్రమే. మాకు మిట్టంతా మరుగుదొడ్డే, ఎవరు చూసినా సిగ్గులేదు.

"సరే, ఇప్పుడు ఏం చేద్దామంటావు అవ్వా?" అన్నాను.

"చేసేదేముండాది? నీళ్లకు కరువు గానీ మనకు రాళ్లకు కరువా?"

వేసవిలో దుక్కికి ముందు మా వైపు చేలల్లో రాళ్లు ఏరతారు. ఎన్నేళ్లు ఏరినా అవి మళ్లీ పైకి వస్తూనే ఉంటాయి. ఏరినవి గట్ల మీద కుప్పలు పోస్తారు. ఆ వారం మిట్టపల్లె ఆడవాళ్లు తమ చేల రాళ్లను గట్టు మీద వేయకుండా మిట్ట నెత్తిన రోడ్డు పక్కకు మోశారు. మొగవాళ్లు మొదట్లో వేళాకోళం చేశారు. "కడుపులో రాళ్లు కరగల్లంటే బయట రాళ్లు పేర్చల్నంట, ఏం వైద్యమప్పా ఇది!" అని ఒకడంటే, "నీ నోట్లో కూడా ఒకటి పెడతా రా, మాట కరుగుతాది" అంది అవ్వ. చివరకు పెద్ద గుండ్లు ఎత్తడానికి వాళ్లే వచ్చారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. మనిషి ఛాతీ ఎత్తు గోడ, మధ్యలో అడ్డుగోడ, అటు ఆడవాళ్లకు, ఇటు మగవాళ్లకు. పైకప్పు లేదు. ఆ బయలులో అది కోటలా కనబడింది.

బండి వాటాకు ఆగేది అక్కడే కాబట్టి కొత్తగా ఆపాల్సిన పని కూడా లేకపోయింది. ఆ రోజుల్లో ఆలస్యమెందుకైందని డిపోలో అడిగితే, "రేడేటరు సార్" అని చెప్పేది కండక్టరమ్మాయి. అందులో అబద్ధమేమీ లేదని నాతో అనేది.

గోడ కట్టినా మొదటి గుటక సులువుగా దిగలేదు. బోరు దగ్గర అవ్వ చెంబు నింపి స్టీరింగు పక్కన నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి బస్సు వైపు చూశాడు. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. మొక్కు లేదని తెలిసినా, ఇన్నాళ్లు నమ్మిన మాట ఒక్కరోజులో పోదు. వెనక నుంచి ఒక ముసలాయన గొణిగాడు, "స్వామి ఏమనుకుంటాడో" అని.

"స్వామికి నేను చెప్పుకుంటాలే" అంది అవ్వ. చెంబు వంచి కొన్ని నీళ్లు నేల మీద పోసింది. "అది ఆయన వాటా. ఇది నీ వాటా. నువ్వు తాగితేనే నా బిందె ఎక్కుతాది. లేకుంటే ఈడనే కూర్చుంటా, బస్సు నా మీద తోలుకో."

"అవ్వ మీద తోలితే బస్సుకే దెబ్బ తగులుతాది, తాగేయన్నా" అన్నాడు బీడీ కట్టలాయన.

తాగాడు. మెడలో గుటకలు కనబడేలా, ఆపకుండా తాగాడు. ఆ తర్వాత కండక్టరమ్మాయి అదే చెంబు నింపించుకుని తానూ తాగింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తాగారు. మిట్ట మీద బస్సు ఆగినప్పుడు కాసేపు ఎవరూ దిగలేదు. ముందుగా అవ్వే దిగి, గోడ వైపు నడుస్తూ, "ఏమే, నాకొక్కదానికేనా కట్టింది?" అని కేక వేసింది. తర్వాత అందరూ దిగారు. డ్రైవరు అందరికంటే చివర దిగాడు. తిరిగి వచ్చి రేడియేటరు నింపి, ఎవరి వైపూ చూడకుండా సీటెక్కాడు.

ఆ ఏడు వాన వచ్చీ రానట్టు వచ్చింది. విత్తనం మొలిచింది, కాయ ఊరలేదు. డ్రైవరు నీళ్లు తాగినందుకే ఇలా అయిందని ఒకరిద్దరు అన్నారు. "తాగనప్పుడు మాత్రం ఏం ముంచింది?" అని అవ్వ అడిగింది.

కార్తీకం వెళ్లాక మళ్లీ డాక్టరు దగ్గరికి పోదాం రమ్మన్నాడు. నిజానికి పోదామని నెల ముందు నుంచే అంటున్నాడు, పోవడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు. చివరకు ఒకరోజు కదిరిలో రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో పోయాం. స్కానింగు గదిలోకి పోయేముందు నడుము పట్టీ విప్పి నా చేతికిచ్చాడు. చెమటకు గట్టిపడి, ఆయన నడుము వంపులోనే నిలిచిపోయిన పట్టీ అది. ఖాళీగా ఉన్నా ఆయన దానిలో ఉన్నట్టే ఉంది.

డాక్టరు చాలాసేపు చూశాడు. ఎడమది అనుకున్నట్టే పోయింది. ముడుచుకుని, ఉన్నా లేనట్టే. కుడివైపు రాళ్లు లేవు. అది శుభ్రంగా పని చేస్తోంది. "దీంతో బతకొచ్చు. నడపొచ్చు. కానీ దీన్ని ఎండగొట్టొద్దు. వాపు, నొప్పి ఏమొచ్చినా దాచొద్దు. ఆ అమ్మాయిని కూడా ఒకసారి పంపు, పరీక్ష చేస్తా" అన్నాడు. పోయినది తిరిగి రాదా అని ఆయన ఇంకొకసారి అడిగాడు. రాదని డాక్టరు ఇంకొకసారి చెప్పాడు.

బస్టాండుకు నడిచి వస్తూ ఆయన పట్టీ మళ్లీ నడుముకు బిగించుకున్నాడు. సంతోషమో దిగులో ఆ ముఖం చూస్తే తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి. బండి దగ్గరికి చేరేముందు కుళాయి దగ్గర ఆగాడు. నల్లని కుడిచెయ్యి, చామనఛాయ ఎడమచెయ్యి దోసిలి పట్టి, వంగి, తాగడం మొదలుపెట్టాడు. బస్సు బయలుదేరే వేళయింది. మా దారి ప్రయాణికులు అప్పటికే ఎక్కి కూర్చుని కిటికీల్లోంచి చూస్తున్నారు. బీడీ కట్టలాయన అలవాటు కొద్దీ కేక వేశాడు:

"ఏమన్నా, బండి తీసే ముందర అన్ని నీళ్లు తాగుతాండావు? దారిలో ఏం చేస్తావు?"

ఆయన తలెత్తి, మీసాల మీద నీళ్లు తుడుచుకున్నాడు.

"దారిలో గోడుండాది కదప్పా" అని, మళ్లీ దోసిలి పట్టాడు.